దాత కణాల కాపలా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం పెద్దలు నన్ను కరెంటు గురించి మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్లు సబ్‌స్టేషన్ల మధ్య గడిపినవాణ్ని కాబట్టి అది నాకు కష్టమేమీ కాదు. అయితే పిల్లుట్ల నుంచి, మోర్జంపాడు నుంచి, పిడుగురాళ్ల నుంచి, హైదరాబాదు నుంచి, అమెరికా నుంచి ఇంతమంది ఒకచోట చేరే రోజు మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకని మీ అనుమతితో ఇంకో సంగతి ఎత్తుకుంటాను. మూలకణాల మార్పిడి చేయించుకున్న మనిషి మీద వైరస్‌లు ఎలా విరుచుకుపడతాయి, ఆ సమయంలో దాత ఇచ్చిన కణాలు ఎలా కాపలా కాస్తాయి అన్నదే ఈ సంగతి.

నేను డాక్టర్ని కాను, దాతని. 2018లో నా చెల్లెలికి మూలకణాలు ఇచ్చాను. ఆమె కూడా ఈ బడి విద్యార్థినే. "చెప్పు అన్నయ్యా, ఎవరికైనా పనికొస్తుంది" అని తనే అన్నది కాబట్టి చెబుతున్నాను.

ముందు మార్పిడి అంటే ఏమిటో చూద్దాం. మన ఎముకల లోపలి మూలుగలో రక్తం తయారవుతుంది. ఎర్రకణాలకు, తెల్లకణాలకు, ప్లేట్‌లెట్లకు తల్లికణాలు అక్కడే ఉంటాయి. వాటినే మూలకణాలు అంటారు. రక్తక్యాన్సర్, తలసేమియా లాంటి జబ్బుల్లో ఆ తయారీయే చెడిపోతుంది. అప్పుడు బలమైన మందులతో పాత మూలుగను ఖాళీ చేసి, సరిపోయే మనిషి నుంచి తీసిన మూలకణాలను ఎక్కిస్తారు. రక్తం ఎక్కించినట్టే సీసాలోంచి నరంలోకి ఎక్కుతుంది, కోతలు కుట్లు ఉండవు. మన దేశంలో దీన్ని మొదట 1983లో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో చేశారు. 1986లో వెల్లూరు సీఎంసీలో మొదలుపెట్టారు. ఈ వైద్యానికి దారి వేసిన అమెరికా డాక్టరు డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు హైదరాబాదులోనూ జరుగుతున్నాయి.

"సరిపోయే మనిషి" అంటే బ్లడ్ గ్రూపు కలిసిన మనిషి అని చాలామంది అనుకుంటారు. బ్లడ్ గ్రూపు కలవకపోయినా పని జరుగుతుంది. కలవాల్సింది హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులు. మన కణాల పైన ఉండే ఈ గుర్తులు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. ఒకే తల్లిదండ్రుల బిడ్డల్లో ఇద్దరికి అవి పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. మా చెల్లెలికి ముగ్గురం తోబుట్టువులం. అన్నయ్యకు కలవలేదు, అక్కకు కలవలేదు, నాకు కలిసింది. ఆమెది బి పాజిటివ్, నాది ఓ పాజిటివ్. మార్పిడి జరిగిన కొన్ని నెలలకు ఆమె రక్తం కూడా ఓ పాజిటివ్ అయింది. ఇప్పటికీ ఎవరైనా గ్రూపు అడిగితే "ఏ గ్రూపు, పాతదా కొత్తదా?" అని నవ్వుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మార్పిడి అయ్యాక రెండు మూడు వారాల్లో తెల్లకణాలు కనబడటం మొదలవుతుంది. ఇంట్లోవాళ్లం గండం గడిచిందనుకుంటాం. కానీ తెల్లకణాల్లో చాలా రకాలున్నాయి. వైరస్ సోకిన కణాన్ని వెతికి చంపేవి టీ కణాలు. కొత్త మూలకణాల నుంచి ఆ టీ కణాలు తయారై, పాఠాలు నేర్చుకుని పనిలోకి దిగడానికి నెలలు పడుతుంది, పెద్ద వయసువాళ్లకు ఏడాది పైనే పట్టవచ్చు. ఈ మధ్యకాలంలో మనిషికి కాపలా ఉండదు.

ఆ సమయంలో బయటి క్రిములు ఒక ప్రమాదమైతే, లోపల దాగి ఉన్న పాత వైరస్‌లు ఇంకో ప్రమాదం. మీరంతా చూసిన ఉదాహరణే చెబుతాను. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్లకు ముసలితనంలో నడుం చుట్టూ సర్పి లేస్తుంది. ఆ రెండూ ఒకే వైరస్ పని. ఆటలమ్మ తగ్గిపోయినా వైరస్ ఒంట్లోంచి పోదు, నరాల్లో నిద్రపోతుంది. కాపలా బలహీనపడితే లేస్తుంది. అలాంటివి ఇంకా ఉన్నాయి. వాటిలో మార్పిడి వార్డుల్లో ఎక్కువగా వినబడే పేరు సైటోమెగలో వైరస్, పొట్టిగా సీఎంవీ. లాలాజలం ద్వారా, తల్లిపాల ద్వారా చిన్నప్పుడే సోకుతుంది. మన దేశంలో పెద్దవాళ్లలో చాలా ఎక్కువమందికి ఇది సోకి ఉంటుంది, కానీ సోకినట్టే తెలియదు. ఆరోగ్యవంతుణ్ని అది ఏమీ చేయదు. కాపలా లేని మనిషిలో మాత్రం ఊపిరితిత్తులకు, పేగులకు, కళ్లకు ఎక్కి ప్రాణం తీయగలదు.

మార్పిడికి ముందు నాకూ చెల్లెలికీ చేసిన పరీక్షల్లో సీఎంవీ ఒకటి. ఇద్దరికీ ఉందని వచ్చింది. నేను కంగారుపడి, "నా ఒంట్లో వైరస్ ఉంటే నేను దాతగా పనికిరానా సార్?" అని అడిగాను. డాక్టరుగారు నవ్వి, "మీకు ఉండటమే మాకు మంచిది" అన్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు కొంత చదువు అవసరమైంది.

నా నుంచి తీసిన సంచిలో మూలకణాలు మాత్రమే ఉండవు, నా టీ కణాలు కూడా ఉంటాయి. వాటిలో కొన్ని ఎప్పుడో చిన్నతనంలో సీఎంవీని ఎదిరించి, దాని రూపు గుర్తుపెట్టుకున్నవి. అవి చెల్లెలి ఒంట్లోకి వెళ్లి అక్కడ పెరుగుతాయి. ఆమె సొంత కాపలా పోయినా నా జ్ఞాపకం ఆమెకు పనికొస్తుంది. దాతకు ఆ వైరస్ ఎప్పుడూ సోకకుండా, రోగికి సోకి ఉంటే అదే ఎక్కువ ప్రమాదం. వైరస్ లోపలే ఉంది, దాన్ని ఎరిగినవాడు రాలేదు. మాచవరంలో ఒకే కంచంలో తిని, ఒకే చెంబు నీళ్లు తాగి పెరిగిన రోజుల్లో మాకు తెలియకుండా సోకిన వైరస్ మీద నా ఒళ్లు నేర్చిన పాఠం, నలభై ఏళ్ల తర్వాత చెల్లెలికి అక్కరకొచ్చింది.

హెచ్‌ఎల్‌ఏ ఎందుకు కలవాలో కూడా ఇక్కడే తెలుస్తుంది. టీ కణం వైరస్‌ను విడిగా చూడలేదు. సోకిన కణం తన హెచ్‌ఎల్‌ఏ గుర్తు మీద వైరస్ ముక్కను పెట్టి చూపిస్తేనే పట్టుకుంటుంది. ఈ సూత్రాన్ని 1970లలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ అనే ఇద్దరు ఆస్ట్రేలియాలో ఎలుకల మీద కనిపెట్టారు. 1996లో వాళ్లకు నోబెల్ వచ్చింది. నా టీ కణాలు నా గుర్తుల మీద వైరస్‌ను చూడటం నేర్చుకున్నాయి. చెల్లెలివీ అవే గుర్తులు కాబట్టి అక్కడా చూడగలిగాయి.

అలాగైతే దాత టీ కణాలు ఎంత ఎక్కువ పంపితే అంత మేలు కదా అని మీకు అనిపించవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. ఆ కణాలకు వైరస్ పరాయిదే, రోగి ఒళ్లూ పరాయిదే. అవి రోగి చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద దాడి చేయవచ్చు. నా వృత్తిలో మాట చెబితే, సబ్‌స్టేషన్‌లో రిలే సెట్టింగ్ లాంటిది ఇది. మరీ సున్నితంగా పెడితే చిన్న గాలికే మంచి ఫీడరు కూడా ట్రిప్ అవుతుంది. మరీ వదులుగా పెడితే నిజంగా ఫాల్ట్ వచ్చినరోజు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినా రిలే కదలదు.

దాత కణాలను అదుపులో పెట్టడానికి సైక్లోస్పోరిన్‌తో పాటు చాలాచోట్ల వాడే మందు మెథోట్రెక్సేట్. మార్పిడి తర్వాత మొదటి రోజు, మూడో రోజు, ఆరో రోజు, పదకొండో రోజు చిన్న మోతాదుల్లో ఇస్తారు. ఆ మందు వెనక మన తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన ఆ బృందమే దాని పని అడ్డుకునే మందులనూ తయారుచేసింది. వాటితో బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లల్లో జబ్బును తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గించగలిగి, 1948లో ఆ ఫలితాలు ప్రచురించారు. అదే ఏడాది సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ మందుల కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. నర్సమ్మ ఆ సిరంజి తెచ్చిన ప్రతిసారీ నేను ఆయన్ను తలుచుకునేవాణ్ని.

ఇలాంటి అదుపు మందులు దాత కణాల దాడిని తగ్గిస్తూ, వైరస్ మీద కాపలానూ తగ్గిస్తాయి. ఒకదాన్ని ఆపి రెండోదాన్ని వదిలే మీట లేదు. మా చెల్లెలి విషయంలో అదే జరిగింది. నాలుగో వారంలో అరచేతుల మీద, వీపు మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. నా కణాలు దాడి మొదలుపెట్టాయన్నారు. స్టెరాయిడ్ ఇచ్చారు, దద్దుర్లు తగ్గాయి. ప్రతి వారం చేసే పీసీఆర్ పరీక్షలో ఆరో వారం సీఎంవీ కనబడింది. తర్వాతి వారం ఇంకా పెరిగింది. గాన్‌సైక్లోవిర్ మొదలుపెట్టారు. ఆ మందు వైరస్‌ను ఆపుతుంది గాని, అప్పుడే లేస్తున్న తెల్లకణాలను కూడా పడగొడుతుంది. కణాలు పడిపోయాయి. స్టెరాయిడ్ తగ్గిస్తే దద్దుర్లు మళ్లీ లేస్తాయేమో, తగ్గించకపోతే వైరస్ ఊపిరితిత్తులకు ఎక్కుతుందేమో. డాక్టర్లు మా బావగారినీ నన్నూ కూర్చోబెట్టి రెండు ప్రమాదాలూ చెప్పి, స్టెరాయిడ్‌ను మెల్లగా దించుతామన్నారు. మా బావగారు ఒక్క మాట కూడా మాట్లాడలేదు, తలూపారు.

ఆ రెండు వారాలు ఎలా గడిచాయో ఇంట్లో ఇలాంటి జబ్బు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తొమ్మిదో వారం వైరస్ సంఖ్య దిగింది. పదకొండో వారానికి పరీక్షలో కనబడలేదు. దద్దుర్లు కొంచెం లేచాయి, పూతమందుతో పోయాయి. మందు పనిచేసింది, కాదనను. అయితే మందు సమయం కొనిపెడుతుందని, చివరికి వైరస్‌ను అదుపులో ఉంచేది టీ కణాలేనని డాక్టరుగారు చెప్పారు.

ఈ కాపలా లేకపోతే ఏమవుతుందో ప్రపంచానికి తెలియజెప్పినవాడు అమెరికాలో టెక్సాస్ కుర్రాడు డేవిడ్ వెటర్. 1971లో పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేకుండా పుట్టి, ప్లాస్టిక్ గదిలో పెరిగాడు. 1983లో అతనికి అక్క మూలుగ ఎక్కించారు. అది పూర్తిగా కలవనిది కాబట్టి దాడి చేస్తాయన్న భయంతో టీ కణాలను తీసేసి ఎక్కించారు. ఆ మూలుగలో ఎప్‌స్టీన్-బార్ అనే మరో నిద్రపోయే వైరస్ ఉంది. దాన్ని అణిచే కణాలు లేక అది క్యాన్సర్‌గా మారింది. 1984 ఫిబ్రవరిలో పన్నెండేళ్ల వయసులో ఆ కుర్రాడు చనిపోయాడు.

పదేళ్లు తిరిగేసరికి వైద్యులు అదే పాఠాన్ని మందుగా మార్చారు. 1994లో న్యూయార్క్ డాక్టర్లు, మార్పిడి తర్వాత ఈ వైరస్ వల్ల గడ్డలు వచ్చిన ఐదుగురికి దాతల తెల్లకణాలు కొంచెం కొంచెంగా ఎక్కించారు. గడ్డలు కరిగాయి. అయితే ఆ కణాల్లో దాడి చేసేవీ ఉంటాయి కాబట్టి ప్రమాదం పోలేదు. సియాటిల్‌లో ఇంకో దారి తొక్కారు. దాత రక్తంలోంచి సీఎంవీని ఎరిగిన టీ కణాలను మాత్రమే ఏరి, ప్రయోగశాలలో పెంచి ఎక్కించారు. 1992లో మొదటి ఫలితాలు, 1995లో 14 మంది రోగుల ఫలితాలు ప్రచురించారు. కాపలా నిలబడింది, ఆ కణాల వల్ల పెద్ద హాని కనబడలేదు. తర్వాత వేరే దాతల నుంచి ముందే కణాలు తయారుచేసి నిల్వ పెట్టడం వచ్చింది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ గడ్డలకు అలాంటి ఒక మందును 2022 డిసెంబరులో యూరప్ అనుమతించింది. అన్నీ గెలవలేదు. ఒకేసారి ఆరు వైరస్‌ల మీద పనిచేస్తుందని ఆశపెట్టుకున్న ఇంకో కణాల మందు పెద్ద పరీక్షల్లో నిలబడక 2023 డిసెంబరులో ఆపేశారు. ఇవి ఇంకా ఖరీదైనవి. మన ఊరి మనిషికి ఈరోజు అందుబాటులో ఉన్న కాపలా బాగా కలిసిన దాత ఇచ్చే కాపలాయే.

ఆ దాత ఎక్కడ దొరుకుతాడు? చిన్న లెక్క చెబుతాను. నలుగురు తోబుట్టువులుంటే ఒక్కరైనా పూర్తిగా కలిసే అవకాశం 68 శాతం. ఒక్కరే ఉంటే 25 శాతం. మా తరంలో ఇంటికి నలుగురైదుగురం. మన పిల్లలకు ఒక్కరో ఇద్దరో. అంటే రేపు బయటి దాత అవసరం పెరుగుతుంది. సగం కలిసిన తల్లినో తండ్రినో బిడ్డనో దాతగా పెట్టి చేసే పద్ధతి ఇప్పుడు బాగా సాగుతోంది, అది పెద్ద వరం. అయితే వైరస్‌ల బెడద అందులో కొంత ఎక్కువ.

బయటి దాతల పేర్లు నమోదు చేసే సంస్థలున్నాయి. చెన్నైలో 2009లో మొదలైన దాత్రి వాటిలో ఒకటి. ప్రపంచం మొత్తం మీద ఇలా నమోదైనవాళ్లు నాలుగు కోట్ల పైన ఉన్నారు. మన దేశంలో లక్షల్లోనే ఉన్నారు. జర్మనీవాడి గుర్తులు మన పల్నాటి రైతుబిడ్డకు కలవడం అరుదు. మన దేశంలో జనం తరతరాలుగా తమతమ వర్గాల్లోనే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చారని హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2009లో జన్యువులు చూసి చెప్పారు. మనలో మేనరికాలు కూడా ఎక్కువ. కాబట్టి మన గుర్తులు కలిసేది మనలోనే. తెలుగు రోగికి దాత దొరకాలంటే తెలుగువాళ్లు నమోదు కావాలి. ఇంట్లో ఎవరికైనా అవసరం పడితే తోబుట్టువులతో ఆగిపోకుండా, మేనరికాలున్న కుటుంబాల్లో మేనత్త, మేనమామ పిల్లలకు కూడా పరీక్ష చేయించవచ్చేమో డాక్టర్ని అడగండి.

నమోదుకు చెంప లోపల దూదిపుల్లతో తుడిచి ఇస్తే చాలు. వయసు 18 దాటాలి. పై హద్దు సంస్థను బట్టి 50, 55. కాబట్టి నాబోటివాళ్లం కాదు, మన పిల్లలు ముందుకు రావాలి. పేరు కలిస్తే నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు చేస్తారు. నాకు నడుం, తుంటి ఎముకలు సలిపాయి, మామూలు నొప్పి మాత్రతో సర్దుకున్నాను. ఐదో రోజు నాలుగు గంటలు మిషను పక్కన పడుకున్నాను. ఒక చేతిలోంచి రక్తం వెళ్లి, కావలసిన కణాలు వడకట్టి, మిగతాది ఇంకో చేతిలోకి వచ్చింది. మరుసటి వారం డ్యూటీకి వెళ్లాను. మూలకణాలు మళ్లీ తయారవుతాయి. "మగవాడికి బలం పోతుంది, ఆడపిల్లకు పిల్లలు పుట్టరు" అనే మాటలు నమ్మకండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇష్టం లేనివాళ్లను ఇక్కడ మొహమాటపెట్టి రాయించకండి. దాత సరేనన్నాక రోగి పాత మూలుగను మందులతో ఖాళీ చేస్తారు. ఆ తర్వాత దాత వెనక్కి తగ్గితే రోగికి పాతదీ ఉండదు, కొత్తదీ రాదు. నమోదు చేసుకునే ముందే ఇంట్లో తల్లిదండ్రులతో, పెళ్లయినవాళ్లయితే భార్యతోనో భర్తతోనో మాట్లాడి తేల్చుకోవాలి. వద్దనుకుంటే మొదటే వద్దనడం మర్యాద.

మార్పిడి చేయించుకుని ఊరికి వచ్చినవాళ్ల విషయంలో కూడా ఒక మాట. మనకు పలకరింపులు ఎక్కువ. పళ్లు పట్టుకుని పదిమందిమి ఒకేసారి వెళ్తాం. మొదటి ఏడాది అలా వెళ్లకండి. జలుబుంటే అసలు వెళ్లొద్దు, ఫోన్ చేయండి. మిర్చి కల్లాల దుమ్ము, పాత ఇంటి సున్నం గీకే పని వాళ్ల దగ్గర పెట్టకండి. చిన్నప్పుడు వేసిన టీకాల రక్షణ కూడా చాలావరకు పోతుంది. మా చెల్లెలికి నలభై దాటాక పోలియో, ధనుర్వాతం టీకాలు మళ్లీ వేశారు. తట్టు టీకా లాంటి బతికున్న వైరస్ టీకాలకు కనీసం రెండేళ్లు ఆగమంటారు. అందుకని ఆ ఇంట్లో మిగతావాళ్లు, చుట్టుపక్కల పిల్లలు టీకాలు సక్రమంగా వేయించుకుంటే అదీ ఒక కాపలాయే. ఎవరికి ఏది ఎప్పుడు వేయాలో వాళ్ల డాక్టర్ని అడిగి చేయండి.

సంఘానికి నా విన్నపం ఒకటే. ఈ స్వర్ణోత్సవ ఏడాదిలో మన బడి ఆవరణలోనే ఒక నమోదు శిబిరం పెడదాం. ఆ సంస్థలవాళ్లను పిలిపించే బాధ్యత, ఖర్చు నేను చూసుకుంటాను. ముందు రోజు సాయంత్రం తల్లిదండ్రులకు విషయమంతా చెప్పి, వాళ్ల అనుమానాలు తీర్చాకే మర్నాడు పేర్లు రాసుకుందాం. ఎంతమంది రాయించారన్నది ముఖ్యం కాదు. రాయించినవాళ్లు పదేళ్ల తర్వాత ఫోన్ మోగినప్పుడు "వస్తున్నాను" అనాలి. సైన్సు మాస్టార్లు తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఈ పాఠం ఒక గంట చెప్పగలిగితే, వాళ్లకు 18 వచ్చేసరికి ఎవరూ నచ్చచెప్పనవసరం లేదు.